ముద్ర చెరగని ఉప్పుకుప్ప

రాళ్ళకోటకు ఒకప్పుడు నాలుగు గుమ్మాలు. మూడు కూలిపోయాయి, వాటిని బండలతో మూసేశారు. తూర్పు గుమ్మం ఒక్కటే మిగిలింది. మొన్నటి వానలకు దాని పక్క గోడ కూడా పదడుగుల మేర జారింది గాని, గుమ్మం మాత్రం చెక్కు చెదరలేదు. దాని కింద నక్క కూర్చుంది మరి. కూడు పెట్టే గుమ్మాన్ని ఎవడు కూలనిస్తాడు?

నక్క పేరు జంబయ్య. కోటలోకి వచ్చే ప్రతి బరువు మీదా సుంకం తీసుకోవడం అతని పని. కోట చిరుతపులిది. పొడల దొర అంటారు. దొర ఏనాడూ గుమ్మం దగ్గర కూర్చోలేదు. ఏడాదికి ఇంతని నాకు ముట్టజెప్పు, మిగతాది ఎవరి దగ్గర ఎలా పిండుకుంటావో నీ ఇష్టం అని జంబయ్యకు గుత్తకిచ్చాడు. రక్తం తాగేవాడొకడు, కత్తి పట్టేవాడొకడు. గుత్త అంటే అంతే.

గుమ్మం పక్కన పాతకాలపు శాసనం ఒకటి ఉంది. బండ మీద చెక్కిన రాత ఒక్కటే ముక్క: పెరికకు పిడికెడు. ఎద్దు వీపు మీద రెండు వైపులా వేలాడే జోడు గోనెలను పెరిక అంటారు. దానికి ఒక్క పిడికెడు సరుకు. ఆ పిడికెడుతో దారిలో గుంటలు పూడ్చేవాళ్ళు, కాపలావాళ్ళకు కూడు పెట్టేవాళ్ళు. అప్పట్లో కొలిచింది కోతి. జంబయ్య వచ్చాక కోతిని పంపేసి బొంతయ్య అనే ఎలుగుబంటిని కూలికి పెట్టుకున్నాడు. రాత మారలేదు, చెయ్యి మారింది. శాసనం మార్చకుండానే జనాన్ని దోచుకోవచ్చని ఏలేవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అక్కడితో ఆగితే నక్క ఎందుకవుతుంది? గిట్టలు దుమ్ము లేపితే దుమ్ము సుంకం. మెడలో గంట మోగితే గంట సుంకం. గోడ నీడన నిలబడితే నీడ సుంకం. ఆ దారిని తొక్కి తొక్కి దారిగా చేసింది ఎద్దులు. దాని మీద నడిచినందుకు కట్టేదీ ఎద్దులే.

ఆ ఎండాకాలం పన్నెండు పెరికెద్దులు సముద్రపు ఒడ్డు ఉప్పుమడుల నుంచి ఇరవై రోజులు నడిచి తూర్పు గుమ్మం చేరాయి. ముందు నడిచే పెద్ద ఎద్దు కర్రెన్న. నల్లటి ఒళ్ళు, మూపు మీద బరువుకు కాసిన పెద్ద కాయ. సంపదంతా చెమటదేనని కర్రెన్నకు ఎవరూ చెప్పలేదు. ఆ కాయ చెప్పింది.

గుమ్మం తలుపు సందులోంచి ఒక ఆవు ముట్టె కనిపించింది. కర్రెన్న చెల్లెలు మల్లక్క.

"అన్నా, వచ్చావా?"

"వచ్చాను. దూడ ఎలా ఉంది?"

"లేవడం లేదు. నాలుగు నెలలుగా కోటలో ఉప్పు రవ్వ లేదు. మొన్నటిదాకా రాళ్ళు నాకింది. నిన్న ఎక్కడిదో ఎముక తెచ్చి నమిలింది. ఇవాళ తల కూడా ఎత్తలేదు. ఒక్క దోసెడు అయినా ముందు పంపించన్నా."

"సుంకం ఇచ్చి ఇప్పుడే వస్తాను" అన్నాడు కర్రెన్న.

జంబయ్య తాపీగా లేచి వచ్చాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. జంబయ్య నోరు ఎంత మంచిదంటే ఊరు సగం ఖాళీ అయింది.

"రావయ్యా కర్రెన్నా. దారిలో నీళ్ళు దొరికాయా? ఎంత నలిగిపోయావు. బొంతయ్యా, పెద్దాయన బరువు దించు."

"పెరికకు పిడికెడు తీసుకో. దించే పని లేదు" అన్నాడు కర్రెన్న.

"పిడికెడు గుమ్మానికి. దుమ్ముకో? గంటకో? పోయిన రెండు రాకల్లో గంట సుంకం నేనే మర్చిపోయాను, నా మంచితనం. దానికి వడ్డీ ఉందిగా. అన్నీ కలిపితే..." జంబయ్య గడ్డం గోక్కున్నాడు. "పన్నెండు పెరికలూ దించాల్సిందే."

వెనక ఎద్దులు కొమ్ములు వంచాయి. ఒక కుర్ర ఎద్దు నేలను కాలితో గీకింది. "మామా, ఒక్క మాట అను. నక్కను అగడ్తలో కలిపేస్తాం."

"కలపండి" అన్నాడు జంబయ్య, తోక కూడా కదపకుండా. "ఇక్కడి నుంచి నేను ఒక్క కూత పెడితే కొండ మీద దొరకు వినిపిస్తుంది. దొర దిగి వస్తే ముందు తలుపు తీయించుకుని లోపలికే పోతాడు. లోపల లేవలేని దూడలు ఎన్ని ఉన్నాయో నీకంటే నాకే బాగా తెలుసు."

కుర్ర ఎద్దు కాలు ఆగిపోయింది.

జంబయ్య గొంతు తగ్గించాడు. "నన్ను తిట్టుకుని లాభం లేదయ్యా. దొర గుత్త పెంచాడు. నాలుగో పొద్దున వస్తానన్నాడు. అప్పటికి ఆయన ముందు కుప్ప కనబడకపోతే నా చర్మం మీద కూర్చుంటాడు. నా బాధ నీకు తెలియదు."

"ఎద్దు పుండు కాకికి ముద్దా?" అన్నాడు కర్రెన్న. అని, గోడ వైపు చూశాడు.

వానకు జారిన ఆ పదడుగుల మేర మళ్ళీ కట్టి ఉంది. కట్టింది రాతితో కాదు, మట్టితో. మూరెడు మందం. గోడ కోసమని ఇంటింటా తీసుకున్న రాళ్ళతో జంబయ్య తన బొరియకు మెట్లు కట్టుకున్నాడని కోటలో అందరికీ తెలుసు.

కర్రెన్న చాలాసేపు ఆ మట్టిని చూశాడు.

"దించుతాం" అన్నాడు.

తలుపు సందులోంచి మల్లక్క అరిచింది. "అన్నా, ఏమంటున్నావు? దూడ..."

"నువ్వు గోడ పక్కకు పోయి నిలబడు చెల్లీ. ఎండగా ఉంది" అన్నాడు కర్రెన్న.

ఎద్దులు ఒక్కొక్కటే వచ్చి గోనెలు గుమ్మరించాయి. కర్రెన్న చూపించిన చోటే, ఆ మట్టిగోడకు ఆనించి.

"దారి పక్క పోస్తే వచ్చేపోయేవాడు ఎత్తుకుపోతాడు. గోడకు ఆనితే నీకు కాపలా మూడు పక్కలే" అన్నాడు కర్రెన్న.

"పెద్దవాడివనిపించుకున్నావు" అన్నాడు జంబయ్య. అంతలో గాలి వీచింది, కుప్ప మీది నుంచి తెల్లటి పొడి లేచింది. జంబయ్య కంగారుగా చేతులు అడ్డం పెట్టాడు. "ఎగిరిపోతుందే."

"మా ఉప్పుమడుల్లో నీళ్ళు చల్లుతారు. పైన గడ్డ కడుతుంది. గాలికి ఎగరదు, దొంగ చేతికి రాదు."

"నీళ్ళు పోస్తే కరగదూ?"

"నువ్వు ఉప్పు ఎన్నడైనా మోశావా?"

జంబయ్య మోయలేదు. తీసుకున్నాడు, దాచుకున్నాడు, అమ్మించాడు. మోయలేదు. అయినా నక్క నక్కే. ముందు చిటికెడు ఉప్పు అరచేతిలో వేసుకుని, తడిపి, ఎండలో పెట్టి చూశాడు. కాసేపటికి అది రాయిలా బిగిసింది. నవ్వుకున్నాడు. బొంతయ్యను పిలిచి, పూటకు నాలుగు కడవల చొప్పున అగడ్త నీళ్ళు చల్లమన్నాడు.

తరువాత సున్నం తెచ్చాడు. కళ్ళంలో ధాన్యపు రాశి మీద బూడిదతో ముద్రలు వేస్తారు చూడండి, ఎవరైనా గుప్పెడు తీస్తే గీత చెరిగి దొంగతనం బయటపడాలని. అలాగే కుప్ప చుట్టూ మూడు గీతలు తిప్పి, నెత్తిన దొర పంజా గుర్తు వేశాడు.

"కర్రెన్నా, ఈ కుప్పకు నువ్వు జామీను. నీ ఎద్దులే రాత్రికి రాత్రి మేసేసి పోతే నేనెవరిని అడగను? అగడ్త అవతల వాళ్ళు ఉంటారు, ఇక్కడ నువ్వు ఉంటావు. ముద్ర చెరిగిందా, దొరకు ఉప్పు బదులు నువ్వు."

"చెరగకపోతే?"

"నీ దారిన నువ్వు పో."

"లోపల ఉప్పు తక్కువైందని తరువాత అంటే?"

జంబయ్య నవ్వాడు. "ముద్ర ఉంటే ఉప్పు ఉన్నట్టే. ఇది నా గుమ్మం మాట."

"మళ్ళీ చెప్పు. బొంతయ్యా, విను. అవతల ఎద్దులకూ వినబడాలి."

జంబయ్య గొంతెత్తి మళ్ళీ చెప్పాడు. తన మాట తనకే అంత బాగా అనిపించి మూడోసారి కూడా చెప్పాడు. కర్రెన్న మెడకు తాడు వేసి, మట్టిగోడలో దిగ్గొట్టిన ఒక గుంజకు కట్టాడు.

ఉప్పు మోసేవాళ్ళకు తెలిసిన సంగతి ఒకటుంది. తడిపిన ఉప్పు పైన గడ్డ కడుతుంది, కింద కరిగి ఏడుస్తుంది. ఆ ఏడుపు నేలకు పోతుంది, లేదంటే పక్కనున్న గోడకు పోతుంది.

మొదటి రోజు ఏమీ కాలేదు. లోపల దూడ మూలుగు పొద్దు వాలేదాకా వినిపించింది, ఆ తరువాత అది కూడా వినిపించలేదు. కర్రెన్న మేత ముట్టలేదు.

రెండో రోజు పొద్దెక్కేసరికి గోడకు అవతల నుంచి ఒక మేక గొంతు వచ్చింది. చుక్కమ్మ. గోడ కనిపిస్తే నాకడం, కొమ్మ కనిపిస్తే పీకడం ఆమె అలవాటు. ఊళ్ళో ఆమె నాలుక తగలని గోడ లేదు, ఆమె మాట తగలని మనిషీ లేడు అనాలిగాని, ఆ ఊళ్ళో మనుషులు లేరు.

"కర్రెన్న మావా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"ఈ గోడ ఎవరు కట్టారో గాని, చెయ్యి మంచిది."

కర్రెన్న చెవి కదిలింది. "రుచిగా ఉందా?"

"పొద్దున్నుంచి రుచి తేలింది."

"ఒక్కదానివే తింటే అరగదు."

"ఆ మాత్రం తెలీదా. మల్లక్క నా పక్కనే ఉంది. నేను కొమ్ముతో గీకుతున్నా, పెళ్ళ నోట్లో పెట్టుకుని పరిగెత్తుతోంది."

కాసేపటికి జంబయ్య చెవులు నిక్కించాడు. గోడ అవతల గర గర, గర గర. లేచి తలుపు కొద్దిగా తెరుచుకుని లోపలికి పోయాడు. కర్రెన్న మెడలో తాడు బిగిసింది. గుంజ కొంచెం కదిలింది. అతను వెంటనే ఒక అడుగు వెనక్కి వేసి తాడు వదులు చేశాడు.

లోపల గోడ పొడుగునా ఆవులూ మేకలూ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని, ముట్టెలు గోడకు పెట్టి నిలబడి ఉన్నాయి. జంబయ్యకు కనబడింది తోకలే.

"ఏమిటే చుక్కమ్మా, ఈ జాతర?"

"నీడ."

"నీడకు మొహం గోడకు పెట్టాలా?"

"ఎండకు మొహాలు మాడిపోతున్నాయి. పిర్రలు మాడినా ఫరవాలేదు, వాటితో నీకు దండం పెట్టం కదా."

ఒక దూడ కిసుక్కున నవ్వి, తల్లి కాలితో తన్నేసరికి ఊరుకుంది. జంబయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "జరగండి, గోడ చూడాలి."

ఎవరూ జరగలేదు. చుక్కమ్మ మెల్లగా తల తిప్పింది.

"జరుగుతాం. జరిగితే ఎండలో ఉంటాం. ఎండకు సుంకం లేదుగా? పదండమ్మా, పోదాం. నీడ సుంకం తప్పుతుంది."

జంబయ్య ఆగాడు. నీడలో నలభై తలలున్నాయి. తలకు గుక్కెడు పాలు. అతని నాలుక తడిసింది.

"ఉండండి, ఉండండి. వచ్చినవాళ్ళను పొమ్మంటామా? నీడ మీది కాదా? పాలిచ్చేవాళ్ళు వరుసగా రండి, మిగతావాళ్ళు కదలొద్దు."

దూడల నోటి పాలు తాగి, మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. తన ఉప్పును తన గోడలోంచి వాళ్ళు నాకుతుంటే, ఆ నాకుడుకు తనే సుంకం తీసుకుని చోటిచ్చాడు. దోపిడీకి గుడ్డితనం కవల పిల్ల.

మూడో రోజు కర్రెన్నకు అసలు గండం వచ్చింది, అదీ నక్క వైపు నుంచి కాదు. బొంతయ్య కడవ ఎత్తి నీళ్ళు పోస్తూ గోడకు చెయ్యి ఆనించాడు. చెయ్యి లోపలికి దిగింది. తీసి చూసుకున్నాడు. తడి మట్టి. నాకి చూశాడు. కుప్ప మీద తట్టాడు. పైగడ్డ కింద బోలుగా మోగింది.

అతను కర్రెన్న వైపు తిరిగాడు. పదడుగుల దూరంలో జంబయ్య కునికిపాట్లు పడుతున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాడు బొంతయ్య మెల్లగా.

కర్రెన్న అబద్ధం చెప్పలేదు. "తెలుసు."

"చెబితే నాకు తేనెపట్టు ఇస్తాడు."

"ఇస్తాడు. ఒకటి. రేపు మళ్ళీ ఉప్పు కొలవమంటాడు."

బొంతయ్య తన అరచేతులు చూసుకున్నాడు. ఏళ్ళ తరబడి ఉప్పు పిడికిళ్ళు పట్టి పట్టి పగిలిపోయిన చేతులు. పగుళ్ళలో ఉప్పు పడితే రాత్రుళ్ళు నిద్ర ఉండదు. పిడికిలి అతనిది, అందులోది నక్కది, మంట మళ్ళీ అతనిదే.

"ఏమిటక్కడ గుసగుసలు?" అన్నాడు జంబయ్య కళ్ళు తెరవకుండానే.

"నాలుగు కడవలు చాలవు సుంకరయ్యా" అన్నాడు బొంతయ్య. "ఎండ ముదిరింది. ఇంకో నాలుగు పోస్తాను."

"పొయ్యి, పొయ్యి. కూలి ఎక్కువేం అడగవుగా?"

బొంతయ్య అగడ్త వైపు నడిచాడు. ఆ సాయంత్రం గోడ అవతల ఒక కేక లేచింది. సన్నగా, బొంగురుగా, అంబా అని.

జంబయ్య ఉలిక్కిపడ్డాడు. "ఆ దూడ ఇంకా చావలేదా?"

"చావుకు నువ్వెంత సుంకం వేస్తావోనని భయపడి లేచి నిలబడింది" అంది చుక్కమ్మ లోపల్నుంచి.

కర్రెన్న ఆ పూట మేత తిన్నాడు.

నాలుగో పొద్దున పొడల దొర వచ్చాడు. అడుగుల చప్పుడు లేదు. గుమ్మం ముందు పిట్టలు ఎగిరిపోతే తెలిసింది. జంబయ్య నేల మీద పొర్లి దండం పెట్టాడు.

"దొరా, పన్నెండు పెరికల ఉప్పు. ముద్ర చూడండి, గీత చెదరలేదు. పెంచిన గుత్తకు సరిపోగా ఇంకా మిగులుతుంది."

"మిగిలేది నీకా?" అన్నాడు దొర. కుప్ప చుట్టూ తిరిగాడు. మూడు గీతలూ తెల్లగా మెరుస్తున్నాయి. నెత్తిన పంజా గుర్తు అలాగే ఉంది. దాని మీద తన పంజా పెట్టి కొలిచి చూసుకున్నాడు. కొంచెం ఒత్తాడు.

కుప్ప గుడ్డుపెంకులా లోపలికి విరిగింది. దొర భుజందాకా దిగబడ్డాడు. లోపల బురద, అడుగున రెండు దోసెళ్ళ ఉప్పు.

"ఎద్దు, దొరా" అని అరిచాడు జంబయ్య. "ఎద్దు కాజేసింది. జామీను వాడే. వాణ్ణి తినండి."

దొర పంజా విదిలించుకుని కర్రెన్న వైపు తిరిగాడు. కర్రెన్న కదలలేదు.

"సుంకరయ్యా, నీ గుమ్మం మాట ఇంకోసారి చెప్పు" అన్నాడు.

బొంతయ్య కడవ కింద పెట్టాడు. "నేను విన్నాను. ముద్ర ఉంటే ఉప్పు ఉన్నట్టే అన్నాడు. మూడుసార్లు అన్నాడు. ముద్ర విరిచింది దొరే."

"మాటలతో నా కడుపు నిండదు" అన్నాడు దొర. ఒళ్ళు వంచాడు, దూకడానికి.

మూడు రోజులుగా తాడు లాగని కర్రెన్న అప్పుడు లాగాడు. పెద్ద బలం పెట్టలేదు. ఇరవై రోజులు ఉప్పు మోసిన ఒంటిని పక్కకు తిప్పాడంతే. గుంజ ఊడింది. గుంజతో పాటు పెళ్ళ ఊడింది. చవుడు తిన్న గోడ, అవతలి నుంచి నలభై నాలుకలు బెత్తెడుకు అరగదీసిన గోడ, ఒక్క నిట్టూర్పుతో ముక్కలై కూలింది.

పెళ్ళలు నేలకు పడి ఆగేసరికి దొరకు కనిపించింది కొమ్ములు. గోడ ఉన్నచోట ఆవులు, మేకలు. ముందు వరుసలో చుక్కమ్మ, మల్లక్క. మల్లక్క కాళ్ళ మధ్య వణుకుతున్నా నిలబడే ఉన్న దూడ. వెనక్కి చూశాడు. అగడ్త దాటి వచ్చిన పదకొండు ఎద్దులు. మధ్యలో తను.

ఒక్కొక్కరుగా ఉన్నప్పుడు వాళ్ళు మేత. వరుసలో నిలబడితే వాళ్ళు గోడ. దొర ఏలేవాడు కాబట్టి ఆ లెక్క అతనికి త్వరగా తెలిసింది. వంచిన ఒళ్ళు నిదానంగా లేపాడు.

"జంబయ్యా, నీకు గుత్తకిచ్చింది ఏమిటి?"

"గుమ్మం, దొరా."

"గుమ్మం ఉందా?"

జంబయ్య చూశాడు. రాతి గడపా, రెండు తలుపులూ, నిలువు బండలూ చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాయి. "ఉంది దొరా. కాని గోడ..."

"గోడ నేనిచ్చిన గుత్తలో లేదు. ఏడాది తిరిగేలోగా పెంచిన గుత్త కట్టు. అంతదాకా ఈ గడప దిగావంటే నీ చర్మం నాది." అని కొమ్ముల మధ్య వదిలిన సందులోంచి, వీలైనంత దర్జాగా, కొండెక్కి పోయాడు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు. జంబయ్య ఇప్పటికీ ఆ గడప మీదే కూర్చుని ఉన్నాడు. దాహమేసి నీళ్ళు తెమ్మని కేకేస్తే బొంతయ్య రాలేదు. తలుపులు మూసి గడియ పెట్టుకుని, "సుంకం, సుంకం" అని అరుస్తుంటాడు. పక్కనే పదడుగుల ఖాళీలోంచి పెరికలు గంటలు మోగించుకుంటూ, దుమ్ము లేపుకుంటూ లోపలికి పోతుంటాయి. పోతూ పోతూ, తిరిగి వచ్చిన కోతి చేతికి పెరికకు పిడికెడు ఇస్తాయి, దారిలో గుంటలు పూడ్చడానికి. అది ఎవరూ అడగరు.

నోటి దగ్గర ఉప్పు లాక్కుంటే, ఆ నోరే గోడను తింటుంది.